కుక్కకి పులుసు కాదు, చేప పెట్టండి

మన ఇళ్ళల్లో కుక్కకి తిండి పెట్టేవాళ్ళు మూడు రకాలు. మిగిలింది వేసేవాళ్ళు ఒక రకం. తాము తినేదే పెట్టేవాళ్ళు రెండో రకం. పాకెట్టు చింపి గిన్నెలో పోసేవాళ్ళు మూడో రకం. మొదటివాళ్ళు మూడోవాళ్ళని చూసి "డబ్బు ఎక్కువై" అంటారు. మూడోవాళ్ళు మొదటివాళ్ళని చూసి "పాపం, తెలీదు" అంటారు. మధ్యవాళ్ళు మాత్రం ఎవరినీ ఏమీ అనరు. కుక్కని తమంత ప్రేమగా చూసుకునేవాళ్ళు ఊళ్ళో లేరని వాళ్ళ గట్టి నమ్మకం. నాకు ముగ్గురితోనూ తగువుంది. అందరికంటే పెద్ద తగువు మాత్రం ఆ ప్రేమగలవాళ్ళతోనే.

వరసలో చెబుతాను.

ముందు మిగిలింది వేసేవాళ్ళ సంగతి. మన మాటల్నే ఒకసారి గమనించండి. చుట్టాలొస్తే వడ్డిస్తాం. పిల్లలకి పెడతాం. గుమ్మంలోకి వచ్చి అడిగినవాడికి కూడా "ఇంత అన్నం పెట్టాను" అంటాం. కుక్క దగ్గరికి వచ్చేసరికి "వేశాను" అంటాం. ఇంకా విసుగ్గా ఉంటే "పడేశాను" అంటాం. క్రియ మారిందంటే మనసు మారిందన్నమాటే. పూర్వం వైశ్వదేవం చేసే ఇళ్ళల్లో ఇంటాయన విస్తరి ముందు కూర్చోక ముందే కుక్కకీ కాకికీ ముద్ద తీసి బయట పెట్టేవారు. ఆ ఆచారంలో మిగతా సంగతులు ఎలా ఉన్నా, ఆ "ముందు" అన్న మాట నాకు నచ్చుతుంది. ఇప్పుడు మనం చివర కంచాలు దులిపి, దానికి జాలి అని పేరు పెట్టుకుంటున్నాం.

వీధికుక్కకి మిగిలింది వేస్తే అదో దారి. మీ గుమ్మం నచ్చకపోతే ఎదురింటికి పోతుంది. హోటలు వెనకాల వెతుక్కుంటుంది, ఎలకని పడుతుంది, ఏదో ఒకటి చేసి తన లోటు తాను తీర్చుకుంటుంది. మెడకి పట్టా వేసి గేటుకి గొలుసుతో కట్టిన కుక్క ఎక్కడికి పోతుంది? మూడో అంతస్తు ఫ్లాటులో బాల్కనీలో ఉన్న కుక్క ఏం వెతుక్కుంటుంది? మీరు గిన్నెలో వేసిందే దానికి ప్రపంచం. దాని స్వేచ్ఛ తీసుకున్నప్పుడే దాని ఆకలి బాధ్యత కూడా మీరు తీసుకున్నారు. కొందరికి ఈ రెండో సంగతి గుర్తుండదు.

"మా టామీ పన్నెండేళ్ళు పెరుగన్నం తినే బతికిందండీ" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. బతికింది, నిజమే. ఎలా బతికింది అని అడిగితే జవాబుండదు. ఆ టామీకి బొచ్చు ఊడిపోయేది, ఒళ్ళంతా గోక్కునేది, నాలుగడుగులు వేస్తే కూలబడేది. "దాని జాతే అంత" అనుకున్నారు. అన్నం మీద నాకేమీ కోపం లేదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కుక్కల్నీ తోడేళ్ళనీ పోల్చి చూస్తే, పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేళ్ళలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువసార్లు కనపడింది. అంటే వేల ఏళ్ళుగా మనిషి పక్కన కూర్చుని, మనిషి గింజలు తిని, కుక్క తన పొట్టనే మార్చుకుంది. అన్నం దానికి పడుతుంది. అన్నం ఒక్కటే పెట్టడమే తప్పు. మాంసకృత్తులు లేని అన్నం కడుపు నింపుతుంది, కండ నింపదు.

"మా ఇంట్లోకి నీచు రాదు" అనే ఇల్లాళ్ళతోనూ ఒక మాట. మీ ఆచారం మీది, దాన్ని తప్పు పట్టను. కుక్క పిల్లిలా మాంసం లేకపోతే బతకలేని జీవి కాదు. శ్రద్ధగా, డాక్టరు సలహాతో, అన్ని పోషకాలూ చూసుకుని శాకాహారం పెట్టి పెంచవచ్చు. కాని పెరుగన్నమే ఆ శాకాహారం అనుకోకండి. కనీసం గుడ్డయినా ఇంట్లోకి రానివ్వండి. అదీ కుదరదంటే మొహమాటం లేకుండా పాకెట్టు కొనండి. అదీ వద్దంటే చిలకల్ని చూసి ఆనందించండి. చెట్టు మీదున్న చిలకల్ని, పంజరంలోవి కాదు.

ఇక ప్రేమగలవాళ్ళు. వీళ్ళ ఇళ్ళల్లో కుక్కకి వేరే వంట ఉండదు. "మేం తినేదే దానికీ. తేడా చూపించం" అంటారు గర్వంగా. మృగశిర కార్తె రోజున హైదరాబాదులో చేపల మార్కెట్లు తిరణాలలా ఉంటాయి. ఆ రోజు చేపల పులుసు ఉడకని మాంసాహారుల ఇల్లు అరుదు. పులుసు అన్నం కలిపి, మధ్య ముక్క ఒకటి పైన పెట్టి, "తినరా నాన్నా" అని కుక్క ముందుంచే చేతులు ఎన్నో! అది తోకాడిస్తూ ఆబగా తింటుంటే కళ్ళు చెమ్మగిల్లే అమ్మలు ఎందరో! చేప దానికి అమృతమే, నిజం. పులుసు మాత్రం విషం.

ఆ మాట తేలిగ్గా అనడం లేదు. పులుసులో ఏముంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు, మీకే బాగా తెలుసు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు, కారం. ఒక్కొక్కటే చూద్దాం.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలని పగలగొడతాయి. పచ్చిదైనా, వేయించినా, ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. మనకి మేలు చేసే వెల్లుల్లి దానికీ మేలు చేస్తుందనుకోవడం మన భ్రమ. ఇక చింతపండు. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు తింటే కుక్కల మూత్రపిండాలు చెడిపోతాయని పశువైద్యులకి చాలాకాలంగా తెలుసు గాని, వాటిలో ఉన్న ఏ పదార్థం ఆ పని చేస్తోందో తెలియలేదు. 2021లో అమెరికాలో జంతువుల విషవైద్యం చూసే డాక్టర్లు టార్టారిక్ ఆమ్లం మీద వేలు పెట్టారు. ఆ ఆమ్లం దండిగా ఉన్న మరో వస్తువు ఏమిటనుకున్నారు? మన చింతపండే. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల సంగతి 2022లో వైద్య పత్రికకి కూడా ఎక్కింది. ఆలోచించండి. చారు, సాంబారు, పులుసు, పులిహోర... చింతపండు లేని పూట మనకి ఎన్నాళ్ళకొకటి వస్తుంది?

ఉప్పూ కారం సంగతి వేరే చెప్పాలా? మన నాలుకకి చాలిన ఉప్పు దాని ఒంటికి ఎక్కువ. ఎండుచేపల సంగతి సరేసరి, అవి ఉప్పులోనే పుట్టి ఉప్పులోనే పెరిగినవి.

మా వీధిలో ఒకావిడ కుక్కకి ఉన్నట్టుండి నీరసం వచ్చి, చిగుళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. డాక్టరుగారు "ఇంట్లో ఏం పెడతారమ్మా?" అని అడిగారట. "మేం తినేదేనండీ. ఉల్లిపాయ కూర అన్నం అంటే దానికి ప్రాణం" అందిట ఆవిడ. దేనికి ప్రాణం పెట్టిందో దానితోనే ప్రాణం మీదికి తెచ్చుకుంది ఆ మూగజీవి. ఆవిడది దుర్మార్గం కాదు, ప్రేమే. కాని తెలుసుకోని ప్రేమకి, తెలిసి చేసిన అశ్రద్ధకి, తినే కుక్క వైపు నుంచి చూస్తే తేడా ఏముంది?

"ఒక ముద్దకి ఏమవుతుందిలెద్దూ!" అంటారు. ఒక ముద్దకి ఏమీ కాకపోవచ్చు. మన ఇళ్ళల్లో అది ఒక ముద్దతో ఆగుతుందా? తాతగారొక ముద్ద, పిల్లలొక ముద్ద, పనిమనిషొక ముద్ద. పాపం అది ఎవర్నీ కాదనదు.

ఇప్పుడు మూడో రకం. పాకెట్టు తిండి తప్పని నేను అనను. దానికీ ఒక కథ ఉంది. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు లండనులో కుక్కల బిస్కెట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు వేల ఏళ్ళు ప్రపంచంలో ఏ కుక్కా పాకెట్టు చూడలేదు. ఇప్పుడు మనం గలగలమంటూ గిన్నెలో పోసే ఉబ్బిన గుళికలు 1957లో అమెరికాలో బజారుకొచ్చాయి. మంచి కంపెనీ గుళికల్లో సున్నం, జింకు, విటమిన్లు లెక్క ప్రకారం వేస్తారు. ఆ ఒక్క విషయంలో మన వంటిల్లు వాటి ముందు తలవంచాలి. కాని పాకెట్టు మీద రాసిందంతా వేదం కాదు. 2007లో అమెరికాలో, చైనా నుంచి వచ్చిన గోధుమ జిగురులో మెలమిన్ కల్తీ జరిగి, ఎన్నో కుక్కలూ పిల్లులూ మూత్రపిండాలు పోయి చచ్చిపోయాయి. కంపెనీలు సరుకంతా వెనక్కి తెప్పించుకున్నాయి. అచ్చులో ఉన్నంత మాత్రాన అనుమానించకూడదన్న నియమం లేదు. అచ్చులో రాసుకుని బతికేదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు.

ధర కూడా చూడండి. పదికిలోల కుక్కకి నెలంతా మంచి రకం గుళికలు కొంటే బియ్యం బస్తా ధరకి తక్కువ కాదు. కొనగలిగినవాళ్ళు కొంటారు. కొనలేనివాళ్ళ మాటేమిటి? "మంచి తిండి పెట్టలేం గనక మిగిలింది వేస్తాం" అంటారు. ఇక్కడే నేను అడ్డుపడతాను. ఈ రెండింటికీ మధ్య ఒక దారుంది. అది చేపా, కూరగాయలూ, కాస్త అన్నమూ.

చేపకి మనకి కరువేమిటి? దేశంలోకెల్లా చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి కుప్పలు తెప్పలు. సముద్రం ఒడ్డున నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు. తెలంగాణ అయితే కొరమీనుని 2016లో తన రాష్ట్ర చేపగానే ప్రకటించుకుంది. పుస్తెలమ్మి పులస తెచ్చి కుక్కకి పెట్టమని ఎవరూ అడగడం లేదు. కుక్కకి చవక చేపే మంచిది. పెద్ద చేపల్ని తినే వంజరం, సొర లాంటి వాటి ఒంట్లో పాదరసం చేరుతూ వస్తుంది. చిన్న చేపల్లో అది తక్కువ, చర్మానికీ బొచ్చుకీ మేలు చేసే ఒమేగా కొవ్వు ఎక్కువ. ధరా తక్కువే. ఇంతకన్నా ఏం కావాలి?

వండటంలో ఘనవిద్యేమీ లేదు. చేపని బాగా కడిగి నీళ్ళలోనో, ఆవిరి మీదో ఉడికించాలి. పచ్చిగా పెట్టకూడదు. పచ్చి చేపలో పురుగులుండొచ్చు. పైగా బొచ్చె జాతి చేపల్లో బి1 విటమిన్‌ని చెరిచే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది నశిస్తుంది. ఉడికాక చేత్తో విడదీసి ముళ్ళు తీయాలి. బొచ్చె, శీలావతిలో సన్నముళ్ళు కండలోకి దూరి ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చోవాల్సిందే. కొరమీనుకి ఆ బాధ తక్కువ. నెత్తళ్ళయితే తల తీసి, కుక్కర్లో బాగా మెత్తగా ఉడికిస్తే ముల్లు వేళ్ళ మధ్య పిండి అయిపోతుంది. అలా అయిందో లేదో నలిపి చూశాకే పెట్టాలి.

కూరల్లో గుమ్మడి, క్యారెట్టు, బీన్సు, బీర, సొర, చిలగడదుంప ఏవైనా సరే. మెత్తగా ఉడికించి పప్పుగుత్తితో మెదపండి. కుక్క నమలదు, మింగుతుంది. ముక్కలు ముక్కలుగా వేస్తే వచ్చినట్టే వెళ్ళిపోతాయి. ఉప్పు, కారం, తాలింపు ఏవీ వద్దు. "చప్పగా ఎలా తింటుంది?" అని దిగులుపడకండి. చప్పదనం మన నాలుకకి. దానికి చేపవాసనే తాలింపు.

కొలత చెప్పమంటారా? పదికిలోల పెద్ద కుక్కకి, అంటే ఎదిగిన కుక్కకి, రోజుకి సుమారు 500 నుంచి 600 కేలరీలు కావాలి. ముళ్ళు తీసిన ఉడికిన చేప 200 గ్రాములు, అన్నం 150 గ్రాములు, కూరలు 100 గ్రాములు, చెంచాడు పొద్దుతిరుగుడు నూనె. ఇవన్నీ కలిపితే దరిదాపుల్లోకి వస్తుంది. దాన్ని రెండు పూటలకి పంచాలి. ఒళ్ళు చేస్తే తగ్గించండి, పక్కటెముకలు పైకి తేలితే పెంచండి.

ఇక్కడితో ఆపేస్తే నేనూ ఆ ప్రేమగలవాళ్ళ జాబితాలో చేరిపోతాను. ఈ గిన్నెలో ఒక పెద్ద లోటుంది. ముళ్ళు తీసేశాం గనక సున్నం లేదు. సున్నం లేని తిండి నెలల తరబడి తింటే కుక్క ఒళ్ళు తన ఎముకల్లోంచే సున్నం లాక్కుంటుంది. ఎదిగే పిల్లల్లో అయితే కాళ్ళు వంకరపోతాయి, చిన్న గెంతుకే ఎముకలు విరుగుతాయి. జింకు, విటమిన్ ఇ లాంటివీ చాలవు. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు పుస్తకాల్లోనూ ఇతర చోట్లా అచ్చయిన 200 కుక్కల వంటల్ని పరీక్షిస్తే, నూటికి 95 వంటల్లో ఏదో ఒక పోషకం తక్కువగా ఉందని తేలింది. అందుకని గుడ్డుపెంకు పొడి ఎంత వేయాలి, మరేం కలపాలి అన్నది మీ కుక్కని చూసే డాక్టరునే అడిగి రాయించుకోండి. అడగడం నామోషీ కాదు. పిల్లకి అన్నప్రాశన అయ్యాక ఏం పెట్టాలని డాక్టరుని అడగలేదూ? రోజూ ఇదే పెట్టేవాళ్ళు తప్పకుండా అడగాలి. వారానికి రెండు రోజులు ఇదీ, మిగతా రోజులు గుళికలూ అంటే ఇబ్బంది తక్కువ. కుక్కపిల్లల దగ్గర, జబ్బు కుక్కల దగ్గర సొంత వైద్యం అసలు వద్దు.

సరే, ఇదంతా ఎవరు వండుతారు? అసలు పేచీ ఇక్కడుంది.

కుక్కపిల్లని ఎవరు తెస్తారో మీకు తెలుసు. పదో తరగతి పాసయినందుకు అబ్బాయి అడిగితే వాళ్ళ నాన్న తెస్తారు. పేరు అమ్మాయి పెడుతుంది. ఫొటోలు అందరూ తీసుకుంటారు. పొద్దున్నే గొలుసు పట్టుకుని వీధంతా చూసేలా నాన్నగారు నడిపిస్తారు. రెండు నెలలు గడిచేసరికి, "అమ్మా, బ్రూనోకి అన్నం పెట్టావా?" అన్న ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఆ ప్రశ్న అడిగేది అందరూ, జవాబు చెప్పాల్సింది మాత్రం ఒక్కతే. నాలుగు రకాల వంట చేసి, నలుగురి డబ్బాలు సర్ది, మళ్ళీ కూర్చుని శీలావతి ముళ్ళు ఏరమంటే ఆవిడకి పెరుగన్నమే గుర్తొస్తుంది. అందుకు ఆవిడని నేను తప్పు పట్టను. కుక్కకి పెరుగన్నం దొరుకుతోందంటే, చాలా ఇళ్ళల్లో దానికి కారణం ఆ ఇల్లాలి కఠిన హృదయం కాదు, ఆ ఇంట్లో మిగతావాళ్ళ తీరుబడి.

అందుకని నా షరతు ఒకటే. ఎవరు తెచ్చారో వాళ్ళే వండాలి. చేపని చప్పగా ఉడికించడానికి వంట రావక్కర్లేదు. ఉప్పు వేయక్కర్లేదు గనక ఉప్పెక్కువైందన్న భయం లేదు. తాలింపు మాడుతుందన్న బెంగ లేదు. మగవాళ్ళు నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన వంట ఈ భూమ్మీద లేదు! ఆదివారం తండ్రీ కొడుకులు కూర్చుని ముళ్ళు ఏరి, పూటకొక డబ్బా చొప్పున సర్దుకోవచ్చు. రెండు మూడు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది గడ్డకట్టే అరలో. ఆ గిన్నెలు కూడా వాళ్ళే కడగాలి. గంట పని. అది కూడా చెయ్యలేనివాళ్ళు కుక్క మీద ప్రేమ ఉందని చెప్పుకోవడం మానాలి. వాళ్ళకున్నది ఫొటో మీద ప్రేమ.

చివరగా ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. "పిల్లలకి తిండిలేని దేశంలో కుక్కకి చేపలేమిటమ్మా? రచయిత్రివి, ఇంతకన్నా మంచి విషయం దొరకలేదా?" అని. దొరికింది, ఇదే. ఆకలిగొన్న పిల్లల పేరు చెప్పి కుక్కని పస్తుంచేవాళ్ళు ఆ మిగిల్చింది పట్టుకెళ్ళి ఆ పిల్లలకి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. జాలి గిన్నెలో నీళ్ళు కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తరిగిపోవడానికి. పైగా నేను జాలి గురించి మాట్లాడటమే లేదు. లెక్క గురించి మాట్లాడుతున్నాను. కుక్క మనల్ని తెచ్చుకోలేదు, మనమే దాన్ని తెచ్చుకున్నాం. దాని చేత గేటు కాయించుకుంటున్నాం, పిల్లల్ని ఆడించుకుంటున్నాం, ఇంట్లో ఎవరూ పలకరించని పూట దాని తల నిమురుతూ కూర్చుంటున్నాం. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టేవాణ్ణి ఏమంటామో మనందరికీ తెలుసు.

దాని కూలి పెద్దదేం కాదు. నాలుగు చవక చేపలు, ఒక గుమ్మడి ముక్క, గుప్పెడు అన్నం, డాక్టరుని అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు. అవి ఇవ్వగలిగితే తెచ్చుకోండి. ఇవ్వలేకపోతే ఆ గొలుసు కొనకండి.